విప్పి కట్టిన పాట



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మీలో పెక్కుమందికి వింతగా తోచవచ్చును. అమెరికా దేశమున యంత్రముల చప్పుళ్లతో కూర్చిన ఒక పాటల సంపుటమును గూర్చియు, దానిని ఇతరులు విప్పి, ముక్కలు చేసి, మరల కట్టిన తీరును గూర్చియు చెప్పదలచితిని. 'ఆ చప్పుళ్లకును మాకును ఏమి సంబంధము?' అని మీరడుగవచ్చును. గడచిన సంక్రాంతినాడు నేనును అట్లే అడిగితిని. అడుగుటయే కాదు, కోపగించుకొంటిని కూడ. ఆ కోపమునకు కారణమును ముందుగా మనవిచేసెదను.

మా తండ్రిగారు హరికథలు చెప్పువారు. వారు కాలముచేసి ముప్పది సంవత్సరములు దాటినది. వారి గొంతు ఈ లోకమున ఒక్కచోటనే మిగిలియున్నది. అది మా యింటి పెట్టెలోనున్న ఒక క్యాసెట్టు. 1984లో శ్రీరామనవమి పందిటిలో ఎవరో ముద్రించి యిచ్చినది. అందు వారి గాత్రము, చిడతలు, హార్మోనియము, మృదంగము, నడుమనడుమ పసిపిల్లల యేడ్పులు, దూరమున ఒక కుక్క మొరుగుట, అన్నియు కలసియున్నవి. హైదరాబాదున శబ్దముద్రణశాలలో పనిచేయు మా మేనల్లుడు పండుగకు వచ్చి, 'మామయ్యా, ఆ క్యాసెట్టు నాకిచ్చెదరా? తాతయ్య పాటను రీమిక్స్ చేసెదను' అనెను.

ఆ మాట నేను వినియుంటిని. పాత సినిమాపాటకు కొత్త దరువు తగిలించి, కన్నతల్లి కూడ గుర్తుపట్టలేనట్లు చేసి, కొత్త సినిమాలో పెట్టుట చూచియుంటిని. 'మీ తాతగారి గొంతు నీకు ఆటవస్తువా?' అని గద్దించితిని. వాడు ఎదురాడలేదు. మరునాడు చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోను తెచ్చి, 'రెండు సంపుటములు వినుడు, మామయ్యా. ఒకటి మూలము, రెండవది దాని రీమిక్స్. విన్న పిదప వలదన్నచో మరల అడుగను' అనెను. నేను వింటిని. విని తెలిసికొన్నదానినే నేడు మీకు చెప్పుచున్నాను.

ముందుగా ఈ సంగీతమెట్టిదో చెప్పవలెను. దీనిని ఇండస్ట్రియల్ సంగీతమందురు, అనగా కర్మాగార సంగీతము. మోటారు రొద, ఇనుము ఇనుమును తాకిన మోత, ఆవిరి బుసకొట్టుట, విద్యుద్యంత్రముల గుర్రుమను ధ్వని, వీనినే స్వరములుగాను దరువులుగాను గ్రహించి పాట కట్టుట దీని లక్షణము. ఈ యాలోచన నేటిది కాదు. 1913లో ఇటలీ దేశపు చిత్రకారుడు లూయిజీ రస్సోలో, యంత్రయుగమున చప్పుడు కూడ సంగీతము కావలెనని ఒక ప్రకటన వ్రాసి, వివిధములైన చప్పుళ్లు చేయు పెట్టెలను నిర్మించెను. 1948లో పారిస్ నగరమున ఫ్రెంచి రేడియోలో పనిచేయు పియేర్ షేఫర్ అను ఇంజనీరు రైలుబండ్ల చప్పుళ్లను పలకలపై ముద్రించి, వానితో ఒక కృతి కూర్చి, అక్టోబరు 5వ తేదీన రేడియోలోనే ప్రసారము చేసెను. గీత పడిన గ్రామఫోను పలక ఒక్క మాటనే పట్టుకొని మరల మరల పలుకుట మీలో పెద్దలెరుగుదురు. మనకు విసుగు పుట్టించిన ఆ లోపమును షేఫరు సాధనముగా గ్రహించి, పలకమీది గాడిని తానే మూసి, ఒక్క ధ్వనిని చక్రమువలె త్రిప్పెను.

1976లో లండనులో త్రాబింగ్ గ్రిసిల్ అను బృందమువారు తమ పాటలను వెలువరించుటకు 'ఇండస్ట్రియల్ రికార్డ్స్' అను సంస్థను స్థాపించిరి. ఈ సంగీతమునకు ఆ పేరే నిలిచెను. ఆ బృందమునందలి నలుగురిలో పీటర్ క్రిస్టఫర్‌సన్ అనువాని పేరు జ్ఞాపకముంచుకొనుడు. అతడు మన కథలోనికి మరల వచ్చును.

ఇక మూలమును గూర్చి చెప్పెదను. దీనిని కూర్చినవాడు ట్రెంట్ రెజ్నర్. 1965లో పెన్సిల్వేనియా రాష్ట్రమున పుట్టెను. చిన్ననాడే పియానో నేర్చెను. క్లీవ్‌లాండ్ నగరమున ఒక శబ్దముద్రణశాలలో ఊడ్చుట తుడుచుట మొదలగు చిల్లరపనులు చేయుచు, శాల ఖాళీగానున్న వేళలయందు తన పాటలను తానే ముద్రించుకొనెను. వాద్యములు దాదాపుగా అన్నియు తానే వాయించెను. 'నైన్ ఇంచ్ నెయిల్స్', అనగా తొమ్మిది అంగుళముల మేకులు, అను పేర 1989లో మొదటి సంపుటమును వెలువరించెను. 1994 మార్చి నెలలో 'ది డౌన్‌వర్డ్ స్పైరల్' వచ్చెను. క్రిందికి దిగిపోవు సుడి యని దాని కర్థము. అందు పదునాలుగు పాటలు కలవు. ఒక మనుష్యుడు దైవమును, సంఘమును, తోడివారిని త్రోసివైచి, తుదకు తన ప్రాణమునే త్రోసివేయు అంచువరకు దిగుట దాని యితివృత్తము.

దాచనేల? మొదటి దినమున నేను మూడవ పాట దాటలేకపోతిని. అది చెవికింపైన వినికి కాదు. అయినను 1998 నాటికి ఒక్క అమెరికాలోనే 40 లక్షల ప్రతుల లెక్కకు ధ్రువపత్రము పొందినది. ఇంతమంది ఏల వినిరి? రెండవ దినమున నాకు కొంత బోధపడెను. ఏడ్పునకు రాగము కట్టుట మనమెరుగుదుము. ఏడ్పు కూడ రాని వేదనకు రాగమేది? దానికి ఇనుపమోతయే తగినదని ఆయన యెంచెనేమో యని తోచినది.

ఇట్టి పాటను విప్పుట యెట్లు? మా తండ్రిగారి హరికథను ఒక్క మైకుముందు ముద్రించిరి. పాలును నీరును కలసినట్లు గాత్రము, మృదంగము, చిడతలు ఒక్క ధారయైపోయినవి. శబ్దముద్రణశాలలో అట్లు కాదు. గాత్రమొక వరుసలో, దరువొక వరుసలో, గిటారు వేరొక వరుసలో విడివిడిగా ముద్రింతురు. ఈ వరుసలను ట్రాకులందురు. ఏ ట్రాకు ఎంత బిగ్గరగా వినబడవలెనో, ఏది ఏ చెవికి చేరవలెనో నిర్ణయించి అన్నిటిని కలుపుటయే మిక్స్. ఆ విడి ట్రాకులను మరల తీసికొని, వేరొకడు వేరొక విధముగా కలిపినచో అది రీమిక్స్. ఒకడు గాత్రమును మాత్రముంచి తక్కినదంతయు కొత్తగా కట్టును. ఒకడు దరువును తీసివైచును. ఒకడు ఒక్క పదమును కత్తిరించి నూరుమార్లు త్రిప్పును. మరియొకడు ధ్వనిని తుదినుండి మొదటికి నడిపించును.

మన యూళ్లలో పాత మండువా యిల్లు విప్పుట చూచియున్నాము. దూలములు, స్తంభములు, ద్వారబంధములు జాగ్రత్తగా దింపి, కొత్త యింటిలో నిలుపుకొందుము. తాతనాటి ద్వారబంధము కొత్త గోడలో నిలిచినప్పుడు దాని చెక్కడపు పని ముందుకంటె బాగుగా కనబడును. రీమిక్స్ అట్టిదే. కాని ఒక్క భేదము కలదు, అదియే ముఖ్యము. ఇంటి కలప తీసినచో పాత యిల్లు మిగులదు. పాటనుండి ధ్వని తీసికొన్నచో పాత పాట ఉన్నచోటనే యుండును. దీపమునుండి దీపము వెలిగించుకొన్నట్లు, ఇచ్చినదానికి తరుగు లేదు. నేను గద్దించిననాడు ఈ భేదము నాకు తట్టలేదు.

ఈ పద్ధతి బాగుగా పెంపొందినది ధనిక దేశమున కాదు. జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ నగరములో రేడియోలను, ధ్వని పెంచు యంత్రములను బాగుచేసి జీవించు ఆస్‌బర్న్ రడ్డక్ అను పనివాడుండెను. కింగ్ టబ్బీ యని ఆయనకు వ్యవహారనామము. 1970ల మొదటి సంవత్సరములలో ఆయన, ఇతరులు ముద్రించిన పాటలనుండి గాత్రమును తగ్గించి, మృదంగమును మంద్రతంత్రిని పైకెత్తి, ప్రతిధ్వని చేర్చి, ఒక్క పాటకు పలు రూపములు కల్పించెను. పాడక, వాయించక, కలుపుటచేతనే ఒకడు కళాకారుడు కావచ్చునని ఆ పనివాడు చూపెను.

రెజ్నరు ఈ మార్గమును తన పాటలకు తానే కోరి తెచ్చుకొనెను. 1992లో ఆయన 'బ్రోకెన్' అను చిన్న సంపుటమును వెలువరించెను. విరిగినది యని యర్థము. ఆ సంవత్సరాంతముననే దాని రీమిక్సుల సంపుటము 'ఫిక్స్‌డ్' వచ్చెను. బాగుచేయబడినది యని యర్థము. పేరు పరిహాసమే. వినినచో విరిగినదానిని మరింత విరుగగొట్టినట్లే యుండును.

1995లో 'ఫర్దర్ డౌన్ ది స్పైరల్' వచ్చెను. సుడిలో ఇంకను క్రిందికి యని దాని కర్థము. 'డౌన్‌వర్డ్ స్పైరల్' పాటలను పలువురిచేతికిచ్చి మరల కట్టించిన సంపుటమిది. మేనల్లుడు నాకు వినిపించిన రెండవది యిదియే. అందు పాల్గొన్నవారిలో కాయిల్ అను ఆంగ్లబృందమొకటి. ఆ బృందమును నడిపిన యిరువురిలో ఒకడు నేను జ్ఞాపకముంచుకొనుడన్న పీటర్ క్రిస్టఫర్‌సన్. లండనులో ఈ సంగీతమునకు పేరుపెట్టిన నలుగురిలో నొకడు, పందొమ్మిదేండ్లకు తరువాత, సముద్రమునకావల తన దారిని నడచిన చిన్నవాని పాటను విప్పి కట్టెను. తాత నేర్పిన విద్యను మనుమడు తనదిగా చేసికొనగా, తాత మరల దానిని దిద్దుట వంటిదిది.

ఒక్క పాటను దృష్టాంతముగా చెప్పెదను. మూలమున 'పిగ్గీ' యను పాట కలదు. గుసగుసలాడునట్లు మెల్లగా సాగి, తుదిలో రెజ్నరు తానే వాయించిన డ్రమ్ముల మోతతో చెదరిపోవును. రిక్ రూబిన్ అను నిర్మాత దీనిని చేపట్టి, డేవ్ నవారో యను విద్వాంసునిచేత గిటారు వాయింపించి, బరువైన నడక కల్పించెను. మూలమున అణచుకొన్న కోపము ఇచట బాహాటముగా నిలబడెను. మాటలు మారలేదు. మాటల వెనుకనున్న మనుష్యుడు మారెను. ఈ రెండును వినిన పిదప నేను మరల మూలమును వింటిని. మొదటిసారి వట్టి గుసగుసగా తోచినది ఈసారి పండ్లు బిగించి పలికినట్లు వినబడెను. మంచి వ్యాఖ్యానము చేయు పనియు ఇదియే కదా! పద్యమును మార్చక, పద్యమును మనము వినునట్టి చెవిని మార్చును. అదే సంపుటమున అమెరికా ముద్రణలో 'హర్ట్' అను పాట మూలముకంటె నెమ్మదియైన రూపమున చేరినది. రొద తగ్గినప్పుడు దుఃఖము తగ్గునని నేననుకొంటిని. తగ్గలేదు.

అందరును ఇట్లు భక్తితో చేసిరని చెప్పజాలను. ఎఫెక్స్ ట్విన్ అను పేర ప్రసిద్ధుడైన రిచర్డ్ జేమ్స్ అను ఆంగ్లేయుడు ఈ సంపుటమునకు ఇచ్చినవి మూలపు ధ్వనులతో కట్టినవి కావు. తన సొంత కల్పనలు. 2003లో ఆయన తాను పలువురికి చేసియిచ్చిన వానిలో పెక్కింటిని ఒకచోట చేర్చి, ఆ కూర్పునకు 'ట్వెంటీ సిక్స్ మిక్సెస్ ఫర్ క్యాష్' అని పేరుపెట్టెను. డబ్బుకొరకు చేసిన ఇరువదియారు మిక్సులని యర్థము. ఈ నిజాయితీకి నేను నవ్వుకొంటిని. పెండ్లిలో పాడినవాడు భక్తితో పాడెనా, సంభావనకొరకు పాడెనా యని మనమడుగము. బాగుగా పాడెనా యని మాత్రమడుగుదుము. ఆయన యిచ్చినవి చక్కని రచనలే. కాని వానిని మూలమునకు వ్యాఖ్యానములనుట తగదు. పేరు చూచి కాదు, విని తెలిసికొనవలసినదిది.

'పరుల సొమ్మును మార్చుట పరువైన పనియా?' యని యొక శంక మిగులును. మూలమే పూర్తిగా తనది కాదని చెప్పినచో మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. రెజ్నరు సంపుటమునందలి 'క్లోజర్' అను పాటకు ఆధారమైన దరువు, ఇగ్గీ పాప్ అను గాయకుని 1977 నాటి పాటనుండి తీసి మార్చుకొన్నది. మొట్టమొదటి పాట ప్రారంభమున వినబడు దెబ్బల చప్పుడు 1971 నాటి ఒక చలనచిత్రములోనిది. కనుక ఆ యింటిలోనే పాత యిండ్ల కలప యున్నది. మనకిది కొత్త సంగతి కాదు. నన్నయగారు ఆరణ్యపర్వమున విడిచిన భాగమును ఎఱ్ఱనగారు పూరించిరి. వ్యాసుని కథను తిక్కనగారు తెలుగు నాటకమువలె నడపిరి. ఎవరిని ఎవరును దొంగయనలేదు. ఏల? మూలకర్త పేరు చెరపలేదు, మూలమును మరుగుపరుపలేదు.

రెజ్నరు ఇంతటితో ఆగలేదు. 1995లో విడి ట్రాకులను ఎన్నుకొన్న కొందరికిచ్చెను. 2005లో ఒక పాట ట్రాకులను, ఎవరైనను కంప్యూటరులో విప్పి కట్టుకొనునట్లు, ఉచితముగా లోకమునకే యిచ్చెను. 2007లో 'ఇయర్ జీరో' అను సంపుటము వెలువరించి, ఆ సంవత్సరమే దాని రీమిక్సుల సంపుటమును తెచ్చి, పాటల విడి ట్రాకులను డిస్కుపై దానితోడనే యిచ్చెను. అందొక పాటను క్రోనాస్ క్వార్టెట్ అను బృందమువారు చేపట్టిరి. వారిది రెండు వయొలినులు, ఒక వయోలా, ఒక చెల్లో గల తంత్రీవాద్య బృందము. యంత్రముల పాటను కమానులతో పలికించిరన్నమాట. ఇనుములో చెక్క దాగియున్నదని ఎవరనుకొందురు?

2008లో 'గోస్ట్స్' అను సంపుటమును విడుదల చేయునపుడు ఆయన ఒప్పందమును వ్రాతలోనే పెట్టెను. దానిని ఎవరైనను పంచుకొనవచ్చును, మార్చి కట్టుకొనవచ్చును. నిబంధనలు మూడు. మూలకర్త పేరు చెప్పవలెను. వ్యాపారమునకు వాడరాదు. మార్చి చేసినదానిని ఇతరులకు ఇదే షరతుపై ఇవ్వవలెను. క్రియేటివ్ కామన్స్ అను అనుమతిపత్రములలో ఇదియొక విధము. చదివి నేను మేనల్లునితో, 'ఇది మన చెరువు కట్టుబాటువంటిదిరా. నీరు వాడుకొనవచ్చును, అమ్ముకొనరాదు, దిగువవానికి వదలవలెను' అంటిని.

ఒక పాట మరల కట్టబడి ఎంత దూరము పోగలదో చెప్పి ఈ భాగమును ముగించెదను. ఇందాక చెప్పిన 'హర్ట్' పాటను 2002లో జానీ క్యాష్ అను వృద్ధగాయకుడు పాడెను. ఇది రీమిక్సు కాదు. మూలపు ధ్వని యొక్కటియు అందు లేదు. పాడించినవాడు మాత్రము 1995లో 'పిగ్గీ' పాటను విప్పి కట్టిన రిక్ రూబినే. గిటారు, పియానో, వణకుచున్న గొంతు, ఇవియే దాని ముఖ్య సంభారములు. క్యాషునకు అప్పటికి డెబ్బది యేండ్లు. మరుసటి యేడు కాలముచేసెను. యౌవనములో తన్నుతాను చెరుపుకొనువాని పాట, ముసలివాని నోట జీవితపు లెక్క చూచుకొనుటగా మారినది. దాని వీడియోను చూచి, ఆ పాట యిక తనది కాదనిపించినదని రెజ్నరు పిదప చెప్పెను. అది ఫిర్యాదు కాదు, గౌరవము. బిడ్డ అత్తవారింట గృహిణియై నిలిచినప్పుడు తండ్రి అట్లే యనుకొనును.

ఇక మా క్యాసెట్టు సంగతి. ఒక్క ధారగా కలసిపోయినదానిని విడదీయుట పూర్వము అసాధ్యము. ఇప్పుడు కంప్యూటరునకు నేర్పి కొంతవరకు విడదీయుచున్నారు. 1980లో మరణించిన జాన్ లెనన్ తన యింట పియానో వాయించుచు పాడి క్యాసెట్టుపై ముద్రించుకొన్న గాత్రమును ఇట్లే వేరుచేసి, 2023లో బీటిల్స్ పేర ఒక పాట వెలువరించిరి. మా క్యాసెట్టునకును అదే యుపాయమని మేనల్లుడు చెప్పెను. నేను మూడు షరతులు పెట్టితిని. మొదట క్యాసెట్టును ఉన్నదున్నట్లు, కుక్క మొరుగుటతో సహా, ప్రతి తీసి భద్రపరుపవలెను. నీవు కట్టినదానిపై తాతగారి పేరును, మృదంగము వాయించినవారి పేరును వేయవలెను. అమ్మరాదు. వాడు సరేయని తీసికొనిపోయెను.

నెల దినములకు వచ్చి, తాను కట్టిన పాటకంటె ముందుగా, వేరుచేసిన గాత్రమును మాత్రము వినిపించెను. మృదంగము లేదు, చిడతలు లేవు, పందిరి లేదు. చీకటి గదిలో మా తండ్రిగారొక్కరే కూర్చుండి పాడుచున్నట్లుండెను. చరణమునకును చరణమునకును నడుమ ఆయన ఊపిరి తీసికొను చప్పుడు వినబడినది. అంతకాలము ఆ క్యాసెట్టు వినుచుండియు నేను దానినెన్నడును వినలేదు. ఊపిరి తీయుటకు ఆయన ప్రతిచోట ఒక్క క్షణము ఆలసించుచుండిరి. అప్పటికే వారికి ఆయాసము పట్టినదన్నమాట. మాతో చెప్పలేదు.

మేనల్లుడు కట్టిన పాట నాకు సగము నచ్చినది, సగము నచ్చలేదు. దరువు వాని వయస్సునకు తగినది, నా వయస్సునకు కాదు. కాని దానిని వినిన వాని స్నేహితులలో ఇరువురు మూలపు క్యాసెట్టును వినగోరి మా యింటికి వచ్చిరి. మా తండ్రిగారిని ఎరుగని పిల్లలు, గంటన్నర కదలక కూర్చుండి వినిరి.

పెద్దలారా! మీ పెట్టెలలోను ఇట్టి క్యాసెట్టులుండును. అవి తేమకు, బూజునకు లోబడి చెడిపోవుచున్నవి. పిల్లలు వచ్చి అడిగినపుడు నావలె వెంటనే గద్దింపకుడు. మూలమును భద్రపరుపుమనుడు, పేర్లు వ్రాయుమనుడు, అమ్మవలదనుడు. ఆపైని వారిని కట్టుకొననిండు. సెలవు.